నీటిలోని చేపను లెక్కించే ధ్వని

'నీటిలో ఉన్న చేపకు బేరమాడినట్లు' అన్న మాట సరిహద్దు పల్లెల్లో వినిపిస్తూ ఉంటుంది. కంటికి కనబడని దానికి వెల కట్టరాదని దాని భావం. అయితే కనబడని ఆ చేపలు ఎన్ని ఉన్నాయో తెలియకుండా సముద్ర సంపదను కాపాడుకోవడం సాధ్యం కాదు. సూర్యకాంతి నీటిలో త్వరగా క్షీణిస్తుంది. రెండు వందల మీటర్ల లోతు దాటితే పట్టపగలు కూడా దాదాపు చీకటే. ధ్వని మాత్రం నీటిలో చాలా దూరం ప్రయాణిస్తుంది. అందువల్లనే శాస్త్రజ్ఞులు సముద్రాన్ని కంటితో గాక చెవితో పరిశీలిస్తున్నారు.

ప్రతిధ్వని చెప్పే సంగతి

తెలుగులో ప్రతిధ్వని, తమిళంలో ఎదిరొలి. పేరు ఏదైనా సూత్రం ఒక్కటే. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, సముద్రజలంలో సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. పడవ అడుగున అమర్చిన పరికరం ఒక చిన్న ధ్వనిని క్రిందికి పంపి, అది తిరిగి వచ్చే వరకు వేచి ఉంటుంది. సెకనులో పదో వంతు కాలంలో ప్రతిధ్వని తిరిగి వస్తే, ధ్వని పోయి రావడానికి 150 మీటర్లు నడిచినట్లు లెక్క. అంటే దానికి తగిలిన వస్తువు 75 మీటర్ల లోతున ఉన్నది.

చెన్నై కాశిమేడు రేవు నుండి వేటకు వెళ్ళే మరపడవల వారికి 'ఫిష్ ఫైండర్' తెలిసినదే. అదీ ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. పరిశోధన నౌకలోని పరికరం అదనంగా ప్రతిధ్వని బలాన్ని ఖచ్చితంగా కొలుస్తుంది. అందుకోసం, ఎంత ప్రతిధ్వని ఇస్తుందో ముందే తెలిసిన ఒక లోహపు గోళాన్ని నౌక క్రింద వ్రేలాడదీసి పరికరాన్ని సరిచూస్తారు. సంతలో తక్కెడను ముద్ర వేసిన తూనికరాయితో సరిచూడటం వంటిదే ఇది.

కవళ్ళు వంటి అనేక చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. నీటిలో గాలి ఉన్న చోట ధ్వని బలంగా వెనుదిరుగుతుంది. కాబట్టి ఆ చేపల ప్రతిధ్వనిలో అధిక భాగం ఆ చిన్న తిత్తి నుండి వచ్చినదే. సొరచేపకు గాలితిత్తి లేదు. అందువల్ల దేహం పెద్దదైనా ఆ మేరకు ప్రతిధ్వని రాదు.

సూక్ష్మజీవుల జాడ

నీటి వాలున కొట్టుకుపోయే చిన్న జీవులను జంతుప్లవకాలు అంటారు. చేపపిల్లలకు ఇవే ఆహారం. రొయ్య కూడా పుట్టిన తొలిదినాలలో ఒక జంతుప్లవకమే. వీటిలో అనేకం కొద్ది మిల్లీమీటర్లకు మించవు. సెకనుకు 38 వేల కంపనాల ధ్వనికి నీటిలో అల పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. అంత పెద్ద అలకు ఇంత చిన్న ప్రాణి అడ్డుగా తోచదు. 2 లక్షల కంపనాల ధ్వనికి అల పొడవు ఏడున్నర మిల్లీమీటర్లే గనుక, చిన్న ప్రాణుల జాడ కొంత తెలుస్తుంది. రెండు ధ్వనులనూ పంపి, వచ్చిన ప్రతిధ్వనులను పోల్చి చూస్తే చేపల గుంపు ఏదో, ప్లవకాల పొర ఏదో వేరు చేయవచ్చు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన ఒక వింత బయటపడింది. నడిసముద్రంలో మరొక అడుగు ఉన్నట్లు ప్రతిధ్వనులు వచ్చాయి. ఆ 'అడుగు' సాయంకాలం పైకి లేచి, తెల్లవారేసరికి క్రిందికి దిగేది. అది నేల కాదనీ, చీకటి పడగానే మేత కోసం పైకి వచ్చే ప్రాణుల సమూహమనీ తరువాత తేలింది.

భారతదేశానికి 1984లో 'సాగర్ సంపద' అనే మత్స్య పరిశోధన నౌక సమకూరిన తరువాత మన సముద్రాలలోనూ ఈ పొరల అధ్యయనం సాగింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కడలూరు, కాకినాడ, విశాఖపట్నం తీరాల ఎదుట ప్రవాహాలను కొలిచే ధ్వని పరికరాలను నీటిలో నిలిపింది. ఇటువంటి పరికరాలకు అందే ప్రతిధ్వని చాలావరకు ప్లవకాల నుండే వస్తుంది. కనుక అదే కొలతతో వాటి రాశిని కూడా అంచనా వేయవచ్చు. తూర్పు అరేబియా సముద్రంలో ఆ విధంగా అంచనాలు కట్టారు.

పళ్ళికరణైలో వినే చెవులు

1993లో ఆరంభమై, ఇప్పుడు చెన్నై పళ్ళికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఇంకొక మార్గం కూడా అనుసరించింది. ధ్వనిని పంపకుండా, సముద్రం చేసే చప్పుడును వినడమే ఆ మార్గం. నీటిలో ఉంచిన శ్రవణ యంత్రాలు గాలి, వాన, నౌకల శబ్దాలతోపాటు కొన్ని రొయ్యలు కొండెలతో చేసే చిటపటలను కూడా నమోదు చేస్తాయి. లోతు తక్కువ నీటిలో ఒక జాతి చేపలు కలిసి చేసే కూతలను ఈ సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు.

పులికాటు ఒడ్డుకు ఏమి సంబంధం?

పులికాటు సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరే. పరిశోధన నౌక అందులోకి రాలేదు. పైగా ఉపరితలానికి అతి సమీపంలోనూ, అడుగుకు ఆనుకొనీ ఉన్నవి ప్రతిధ్వనికి సరిగా చిక్కవు. అయినా ఆ సముద్రపు లెక్కతో సరస్సు ఒడ్డు కుటుంబాలకు సంబంధం ఉన్నది. తెల్లరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు ప్లవకాలుగా తేలుతూ పళవేర్కాడు వంటి ముఖద్వారాల గుండా సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. బయట ఆ పిల్లలు తగ్గినా, ముఖద్వారం ఇసుకతో పూడినా, ఆంధ్ర ఒడ్డున గాని తమిళ ఒడ్డున గాని వల తేలికగానే పైకి వస్తుంది.

ధ్వని ఎంత ఉన్నదో చెబుతుంది గాని, అది ఏ చేపో తనంత తానుగా చెప్పలేదు. అందుకే శాస్త్రజ్ఞులు వల కూడా వేసి సరిచూస్తారు. ఏ నెలలో, ఏ గాలికి, ఏ చేప వస్తుందో ఎరిగిన మత్స్యకారుల అనుభవం ఇక్కడ అమూల్యం.

గుంపును లెక్కించగల పరికరమే దానిని చివరి చేప వరకు వెంటాడగలదు కూడా. తూర్పు తీరంలో 2015 నుండి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినాలు మరపడవల వేటకు విరామం విధిస్తున్నారు. ఆ విరామం ఎంత ఫలించిందో నిజమైన లెక్క ఉంటేనే తెలుస్తుంది. నీటిలో ఉన్న చేపకు బేరమాడరాదు. కాని రేపటి పిల్లల కోసం దాని లెక్క మాత్రం చూసుకొనక తప్పదు.