ఇల్లు అంటుకుంటే స్నేహం కుదిరినట్టా? ఇంగ్లీషులో ఇంటి జాతీయాలు

మా మనవడు హోసూరులో ఆరో తరగతి చదువుతున్నాడు. మొన్న ఇంగ్లీషు పాఠం చదువుతూ మధ్యలో ఆగి, "తాతా, వీళ్లిద్దరూ కలిసిన రోజే ఇల్లు తగలబడిందట. ఎవరికీ ఏమీ కాలేదా?" అని అడిగాడు. పుస్తకం చూస్తే అక్కడున్న మాట 'గాట్ ఆన్ లైక్ ఎ హౌస్ ఆన్ ఫైర్'. అంటే కలిసీ కలవగానే ఇద్దరికీ మంచి స్నేహం కుదిరిందని అర్థం. కలప ఇంటికి నిప్పంటుకుంటే మంట ఎంత వేగంగా పాకుతుందో అంత వేగంగా అన్నమాట. మనకు ఇల్లు కాలడమంటే కష్టమే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని సామెత చెప్పుకునేవాళ్లం కదా!

విడివిడి మాటల అర్థాలు కలిపినా తేలని అర్థం ఉన్నదే జాతీయం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగే మన పిల్లలు మాటకు మాట మార్చుకుని పొరబడటం సహజం. ఇంటికీ వంటింటికీ సంబంధించిన కొన్ని జాతీయాలు ఇక్కడ చూద్దాం.

మనకూ వాళ్లకూ ఒకటే

'ఔట్ ఆఫ్ ది ఫ్రయింగ్ పాన్ ఇంటూ ది ఫైర్' అంటే అచ్చంగా మన 'పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు'. 'వాల్స్ హావ్ ఇయర్స్' అంటే గోడలకు చెవులుంటాయని. 'ది పాట్ కాలింగ్ ది కెటిల్ బ్లాక్' అంటే మసిపట్టిన కుండ, తనలాగే మసిపట్టిన కెటిల్‌ను నల్లగా ఉన్నావని వెక్కిరించడం. కట్టెల పొయ్యి చూసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఇదే భావానికి మనం 'గురివింద గింజ తన కింద నలుపెరగదు' అంటాం.

దగ్గరగా ఉన్నా ఒకటి కాదు

'ఇఫ్ యు కాంట్ స్టాండ్ ది హీట్, గెట్ ఔట్ ఆఫ్ ది కిచెన్' అనే మాట అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ వల్ల ప్రచారంలోకి వచ్చింది. వేడి ఓర్చుకోలేకపోతే వంటింట్లోంచి బయటికి నడవమని దీని అర్థం. మనకు 'రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవనేల' అని ఉంది. ఇంగ్లీషు మాట చేతకాకపోతే తప్పుకోమంటుంది. తెలుగు మాట దిగాక భయపడవద్దంటుంది.

'చారిటీ బిగిన్స్ ఎట్ హోమ్' అంటే ముందు నీ వాళ్లను ఆదుకో అని. దీనికి కొందరు 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అని రాస్తారు. అది గెలుపు గురించి చెప్పే మాట, సాయం గురించి కాదు.

మాట ఒకటి, భావం మరొకటి

హోటల్లో 'కాఫీ ఆన్ ది హౌస్' అంటే డబ్బులివ్వక్కర్లేదు, యజమాని ఖర్చని. 'బ్రాట్ ది హౌస్ డౌన్' అంటే ఇల్లు కూల్చారని కాదు. అక్కడ హౌస్ అంటే నాటకశాల. చప్పట్లతో హాలు దద్దరిల్లిందన్నమాట. 'స్కెలిటన్ ఇన్ ది కప్‌బోర్డ్' అంటే పరువు పోతుందని కుటుంబం దాచుకున్న గుట్టు. అమెరికాలో కప్‌బోర్డ్ బదులు క్లాజెట్ అంటారు.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక విషయాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటిష్ ఇంగ్లీషులో చర్చకు తేవడం, అమెరికన్ ఇంగ్లీషులో చర్చను వాయిదా వేయడం. మన దేశంలో బ్రిటిష్ పద్ధతే వాడుక. మీటింగులో ఈ ఒక్క మాట దగ్గరే పని తారుమారు కావచ్చు.

ఎక్కడ వాడకూడదు

'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో అచ్చువేసిన వాడుకమాటల నిఘంటువులోనే ఇది ఉంది. కానీ ఇది వేళాకోళపు మాట. మనం 'బాల్చీ తన్నేశాడు' అంటే ఎలా ఉంటుందో అలాంటిదే. పరామర్శ ఉత్తరంలో రాస్తే కుటుంబం నొచ్చుకుంటుంది. అక్కడ 'పాస్డ్ అవే' అనాలి. మనం 'కాలం చేశారు' అన్నట్టు.

పిల్లలకు ఇంగ్లీషు జాతీయం నేర్పేటప్పుడు, పక్కనే తెలుగు మాట కూడా చెప్పండి. అర్థం త్వరగా పట్టుబడుతుంది. బడిలో తెలుగు లేని పిల్లలకు మన సామెత ఒకటి చెవిన పడే దారి కూడా అదే.

ఆ రోజు రోకటి పోటు సామెత చెబితే, మనవడు "రోలు అంటే ఏంటి తాతా?" అన్నాడు. మిక్సీ వచ్చాక పుట్టినవాడు, వాడి తప్పేముంది? పెరట్లో మూలనున్న రోలు దగ్గరికి తీసుకెళ్లి చూపించాను.