నాలుగు దారుల కూడలి

ప్రతి ఊరికీ ఒక నడిబొడ్డు ఉంటుంది. పల్లెలో అది రావిచెట్టు నీడన వెలసిన రచ్చబండ కావచ్చు. పుణ్యక్షేత్రంలో దేవుని రథం కదిలే మాడవీధి కావచ్చు. తిరుపతి పట్టణం గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ విస్తరించింది. ఆలయం ముందు, ఊరు తరువాత అన్నది అక్కడి వరుస. హైదరాబాదు కథ ఇందుకు భిన్నమైనది. అక్కడ మొదట ఒక కూడలిని నిర్ణయించారు. ఆ కూడలి నుండి నగరం పుట్టింది. ఆ కూడలియే చార్మినార్.

పదహారవ శతాబ్ది ఉత్తరార్ధంలో కుతుబ్‌షాహీల రాజధాని గోల్కొండ జనసమ్మర్దంతో కిక్కిరిసిపోయింది. కోట గోడల నడుమ పెరిగే జనాభాకు చోటు చాలలేదు. నీటికీ కటకట ఏర్పడింది. తెలుగు కవులు మల్కిభరామునిగా కీర్తించిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో, మూసీనదిపై వంతెన వెలసింది. నేడు మనం పురానాపూల్ అని పిలిచేది దానినే. నదికి దక్షిణాన ఉన్న విశాలమైన మైదానానికి దారి ఏర్పడింది. ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో అక్కడ నూతన నగరానికి శ్రీకారం చుట్టాడు. ఆయన స్వయంగా కవి. నగర రూపకల్పనలో ఇరాన్ నుండి వచ్చిన ప్రధానామాత్యుడు మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఆయనకు కుడిభుజమై నిలిచాడు.

గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు వెళ్ళే వర్తకమార్గాన్ని ఉత్తర దక్షిణాలుగా సాగే మరొక బాట ఖండించే చోటును వారు ఎన్నుకొన్నారు. ఆ నాలుగు దారుల నడుమ చార్మినార్‌ను నిలిపారు. మహమ్మారి తొలగిపోయినందుకు కృతజ్ఞతగా దీనిని కట్టించారని జనశ్రుతి. హిజ్రీ శకంలో వేయి సంవత్సరాలు పూర్తి అయిన సందర్భానికి గుర్తుగా కట్టించారని మరికొందరి అభిప్రాయం. కారణం ఏదైనా, ఈ కట్టడం ఒక దిక్కుకు ముఖం చూపి, మరొక దిక్కుకు వీపు చూపదు. నలుదిక్కులకూ నాలుగు కమానులను సమానంగా తెరచి నిలుస్తుంది. ఏ దారిన వచ్చినవానికైనా అదే స్వాగతం లభిస్తుంది.

ఒక్కొక్క పక్క సుమారు 20 మీటర్ల పొడవు గల చతురస్రం ఈ కట్టడం. నాలుగు మూలలా సుమారు 50 మీటర్ల ఎత్తున నాలుగు మినార్లు ఉన్నాయి. లోపల 149 మెట్లు మెలికలు తిరుగుతూ పైకి సాగుతాయి. పై అంతస్తులో పడమటి వైపున మసీదు ఉన్నది. నల్లరాయి, సున్నం దీని ప్రధాన సామగ్రి. మెత్తని గారతో తీర్చిన పూలు, లతలు, చిన్న చిన్న కమానులు ఈ కట్టడపు గాంభీర్యానికి లాలిత్యాన్ని జోడించాయి. 1889లో నాలుగు వైపులా గడియారాలను అమర్చారు. నాటినుండి ఈ కట్టడం బాటసారులకు దారితోపాటు కాలాన్ని కూడా చూపింది.

చార్మినార్‌కు ఉత్తరాన కొద్ది దూరంలో చార్‌కమాన్ ఉన్నది. విశాలమైన రాజప్రాంగణానికి నాలుగు వైపులా నాలుగు ఎత్తైన కమానులు నిర్మించి, మధ్యలో ఎనిమిది పలకల నీటితొట్టెను ఏర్పరచారు. దానినే నేడు గుల్జార్‌హౌజ్ అంటున్నాము. పడమటి కమాను రాజప్రాసాదానికి దారి తీసేది. తూర్పు కమానుపై నగారాలు మోగేవి. ఓరుగల్లు కోట నడుమ కాకతీయులు నాలుగు దిక్కులకు నిలిపిన శిలాతోరణాల స్మృతి ఈ కమానులలో ఉన్నదని కొందరు చరిత్రకారులు భావించారు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో ప్రపంచ ప్రసిద్ధమైన రాజమైదాన నిర్మాణం 1598 ప్రాంతాన మొదలైంది. అప్పటికే మన గడ్డపై ఇటువంటి ప్రాంగణం రూపుదిద్దుకొన్నదన్న సంగతి గమనింపదగినది.

కూడలికి నైరుతి దిశలో మక్కామసీదు ఉన్నది. దీనికి 1617లో మహమ్మద్ కుతుబ్‌షా పునాది వేశాడు. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. మసీదు నిర్మాణం ఔరంగజేబు కాలంలో, 1694లో ముగిసింది. ఒక రాజవంశం ఆరంభించిన పనిని దానిని జయించినవాడు పూర్తి చేయవలసి వచ్చింది. అనంతరం అసఫ్‌జాహీ ప్రభువులలో పలువురు ఈ మసీదు ఆవరణలోనే శాశ్వతనిద్ర పొందారు.

కుతుబ్‌షాహీల రాజప్రాసాదాలు కాలగర్భంలో కలసిపోయాయి. అయితే వాటి ముందున్న కూడలి మాత్రం నిలిచింది. దీనికి కారణం ప్రజలే. రాజు లేకపోయినా సంత ఆగలేదు. చార్మినార్‌కు పడమట లాడ్‌బజారులో గాజుల దుకాణాలు నేటికీ తళతళలాడుతున్నాయి. కొలిమి వేడిపై లక్కను కరగించి, గాజుగా వంచి, దానిపై అద్దపు తునకలు పొదిగే పనితనం ఇక్కడ తరతరాలుగా సాగుతున్నది. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1908లో మూసీనది వరదలు నగరాన్ని అతలాకుతలం చేశాయి. తదనంతరం ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ గుల్జార్‌హౌజ్‌కు ఉత్తరాన పత్తర్‌గట్టి వీధిని విస్తరించింది. ఒకే తీరున రాతి కమానులు గల దుకాణాల వరుసను నిర్మించింది. కొత్త కట్టడం పాత కట్టడాన్ని వెక్కిరించకుండా దానితో ఎట్లా పొత్తు కుదుర్చుకోవచ్చునో ఆ వీధి నేర్పుతుంది.

గుర్రపుబండ్ల కాలంలో కూడలికి భారం కానిది మోటారు వాహనాల కాలంలో భారమైంది. పొగ గారను నల్లబరచింది; అదురు కట్టడానికి హాని చేస్తుందని నిపుణులు హెచ్చరించారు. 2019 మే 1వ తేదీ రాత్రి ఒక మినారు నుండి గార అలంకరణ భాగం ఊడి పడింది. పురావస్తుశాఖవారు దానిని మరల సున్నపు గారతోనే బాగుచేశారు. అప్పటికే కట్టడం చుట్టూ వాహనాల రాకపోకలను అరికట్టి, రాతిపలకలు పరచి, పాదచారుల ప్రాంగణంగా మార్చే పనులు జరిగాయి.

అయితే వాహనాలను తొలగించినంత తేలికగా మనుషులను తొలగించలేము. తోపుడుబండిపై పండ్లు అమ్మేవారికి, నేలపై గుడ్డ పరచి పూసలు అమ్మేవారికి ఈ కూడలియే జీవనాధారం. వారు మరీ దగ్గరకు వస్తే కట్టడానికి ఇబ్బంది. వారిని పూర్తిగా వెళ్ళగొడితే వారి పొయ్యిలో పిల్లి లేవదు. వీధి వ్యాపారుల జీవనోపాధిని రక్షించి క్రమబద్ధం చేయడానికి 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కట్టడానికి రక్షణ, బ్రతుకుకు భద్రత అనే రెండు ధర్మాలను ఒకే చోట పాటించవలసి రావడమే చార్మినార్ ముందున్న అసలు పరీక్ష.

చారిత్రక కట్టడాన్ని కంచె వేసి కాపాడవచ్చు. కూడలిని మాత్రం కంచె వేసి కాపాడలేము; మనుషులు నడిచినంత కాలమే అది కూడలి. నాలుగు వందల సంవత్సరాలకు పూర్వం ఈ నగర నిర్మాతలు నాలుగు దిక్కులకూ ద్వారాలు తెరచి ఉంచారు. ఆ ద్వారాల గుండా రాజులు వెళ్ళిపోయారు, సైన్యాలు వెళ్ళిపోయాయి. గాజులు కొనడానికి వచ్చే పెళ్ళివారు మాత్రం నేటికీ వస్తూనే ఉన్నారు. వారు నిశ్చింతగా నడవడానికి చోటును, తలెత్తి చూడడానికి చెక్కుచెదరని మినార్లను మిగల్చడం మన తరం బాధ్యత.