కంప్యూటరు కరారులు, కాసిపేట గుత్తేదారులు

మంచిర్యాల జిల్లా కాసిపేటలో నేడు గనితో కరారనగా స్టాంపుకాగితము గాదు, కంప్యూటరు తెర. కంపెనీకి జీపు నద్దెకిచ్చువాడును, కార్మికుల క్వార్టర్లను మరమ్మతు చేయించువాడును, పారిశుధ్యపు పనికి మనుష్యులను సమకూర్చువాడును టెండరును తెరమీదనే చూచి, తెరమీదనే ధర వేసి, డిజిటలు సంతకము చేయవలసినవారే. సంతకము క్షణములో ముగియును. దాని వెనుకనున్న షరతు లనేకపుటలు. అన్నియు నాంగ్లము, అన్నియు న్యాయవాదుల వాక్యములు. వానిని కడదాక చదివి సంతకము చేయువారు మిక్కిలి యరుదు. "అందరును చేయుచున్నారు గదా" యనునదే మనవారి ధైర్యము.

ఈ ధైర్యము మనకు క్రొత్త గాదు. మన బొగ్గుచరిత్రయే యొక మోసపు కరారుతో ప్రారంభమైనది. 1871లో విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో నిజాము ప్రభుత్వము వాట్సను, స్టువార్టు అను నిద్దరు దొరలకు 99 సంవత్సరముల గనిహక్కుల నిచ్చెను. ఆ హక్కుల నాధారము చేసికొని లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ వెలసెను. మూలధనము పదిలక్షల పౌన్లని చాటిరి. కాని వాటాలలో నత్యధికభాగము రొక్కము రాకయే వచ్చినట్లు వ్రాసి హక్కుదారులకు పంచిపెట్టిరి. బేరము నడపిన నిజాము నుద్యోగి అబ్దుల్ హక్కునకు లోలోపల నా వాటాలలో భాగముండెను. పదిపౌన్ల వాటాను పండ్రెండు పౌన్లకు తన ప్రభుత్వముచేతనే కొనిపించిన ఘనుడాతడు! గుట్టు బయటపడగా 1888లో బ్రిటిషు కామన్సుసభ ప్రత్యేకసంఘము నేర్పరచి విచారించెను. అబ్దుల్ హక్కు ఉద్యోగము పోయెను. గనిహక్కు మాత్రము కంపెనీ చేతనే నిలిచెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడినది. ఆ కంపెనీ వాటాలలో నధికభాగము నిజాము ప్రభుత్వము వశమగుటకు 1945వ సంవత్సరము రావలసివచ్చెను. నేడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రప్రభుత్వమునకు 49 వంతులున్నవి.

సంస్థానప్రభుత్వమునకే తాను చేసిన బేరములో నెవరి లాభమెక్కడ దాగియున్నదో తెలియనప్పుడు, సోమగూడెపు గుత్తేదారునకు తెలియలేదని నిందించుట న్యాయము గాదు.

టెండరుపెట్టె దినములను మన పట్టణవాసులు మరచియుండరు. పెట్టె కార్యాలయములో నుండును. కార్యాలయపు గుమ్మమున నెవరెవరో నిలిచియుందురు. క్రొత్తవాని కవరు పెట్టెను చేరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2003లో ప్రారంభమైన ఇ-ప్రొక్యూర్‌మెంటు ఈ దుస్థితిని చాలవరకు మాన్పినది. ధరపత్రము ఇంటనుండియే పంపవచ్చును. గడువు ముగియువరకు నెవరును దానిని విప్పి చూడజాలరు. ఇది యల్పమైన మేలు గాదు. యంత్రమును ద్వేషించువార మీ మాటను ముందుగా నొప్పుకొనవలయును.

కాని యంత్రము బాగుచేసినది పెట్టెను మాత్రమే. పెట్టెలోని కాగితమును గాదు. పైగా తిరుగువేలమను క్రొత్త పద్ధతి యొకటి వచ్చినది. ధరలు తెరచిన పిదప పోటీదారులు తెరమీద ఒకరికంటె నొకరు తగ్గించుచు పోవుదురు. కంపెనీకిది లాభమే. వేలపు వేడిలో నున్నవాడు తన కూలి లెక్కను, డీజిలు లెక్కను, బిల్లు ఆలస్యమైన యెడల కట్టవలసిన వడ్డీని మరల వేసి చూచుకొనునా? చూచుకొనడు. రామగుండము ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గుమీది మట్టిని తొలగించు పెద్ద కంట్రాక్టులు సంవత్సరముల తరబడి సాగును. అట్టిచోట డీజిలు ధర పెరిగిన భార మెవరిదను నొక్క వాక్యములో కోట్ల రూపాయలు దాగియుండును. పెద్ద గుత్తసంస్థలు ఆ వాక్యమును వెదకి, లెక్కగట్టి, దానికి తగిన ధర వేయును. చిన్నవాడు తగ్గించిన ధర చివరకు కూలివాని బత్తెముమీద పడును. గుత్తేదారు కూలి చెల్లింపనియెడల గని యజమానియే చెల్లించి వానివద్ద రాబట్టుకొనవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మికచట్టమే విధించెను. చట్ట మట్లుండినను 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు జీతములకై సమ్మె కట్టవలసివచ్చెను.

ఇక పెద్ద వ్యాపారసంస్థల సంగతి చూడుడు. కరారుల పనికే ప్రత్యేకముగ సాఫ్టువేరును వారు వాడుచున్నారు. ఎదుటిపక్షము పంపిన ప్రతిలో నెచ్చట నేమాట మారినదో అది రంగుగీతతో చూపును. తమ మామూలు షరతునకు భిన్నమైన దానిని పట్టి యిచ్చును. బ్యాంకుగ్యారంటీ గడువును, బిల్లు గడువును మరువక జ్ఞాపకము చేయును. పూర్వము కరణము చిట్టాలో వ్రాసికొనిన పనియే యిది. కాని కరణము నిద్రించును, ఇది నిద్రింపదు. పది కరారులున్నవానికి గుమాస్తా చాలును, పదివేలున్నవానికి చాలడు. కావున నది మొదట బలవంతుని యింటనే ప్రవేశించినది.

మనవాని పక్షమున చట్టము లేకపోలేదు. 2006 నాటి చిన్నపరిశ్రమల చట్టము ప్రకారము నమోదైన సూక్ష్మ, చిన్న సరఫరాదారునకు 45 దినములకు మించి సొమ్ము నిలుపరాదు. నిలిపినయెడల బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీని, నెలనెలకు చక్రవడ్డీగా, చెల్లించవలయును. ఫిర్యాదును తెరమీదనే దాఖలు చేయవచ్చును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము, కరారులో జరిమానా యెంత వ్రాసినను, న్యాయస్థాన మిప్పించునది ఆ మొత్తమునకు మించని న్యాయమైన పరిహారము మాత్రమే. బలవంతుడు బలహీనునిచే వ్రాయించుకొనిన అన్యాయపు షరతు చెల్లదని సుప్రీముకోర్టు 1986లో ఒక నౌకాకంపెనీ యుద్యోగి వ్యాజ్యమున తీర్పు చెప్పెను. మధ్యవర్తిని ఒక్కపక్షమే నియమించు షరతు ప్రభుత్వసంస్థల కరారులలో సమానత్వమునకు విరుద్ధమని 2024 నవంబరులో రాజ్యాంగధర్మాసనము తేల్చెను. ఇట్టి రక్షణ లున్నవని తెలియక, జరిమానా కోత కోసిన బిల్లును కన్నులకద్దుకొని తీసికొనువారే మనలో నెక్కువ. మరియొక హెచ్చరిక: ఈమెయిలులలో కుదిరిన బేరమును పూర్తి కరారేయని సుప్రీముకోర్టు 2010లో నిర్ణయించినది. "సరే" యని పంపుటకు ముందు ఫోనును కొంచెము క్రిందపెట్టి యోచింపుడు.

కృత్రిమమేధ యను పేర నేడు చౌకగా దొరకు సాఫ్టువేరు నూరుపుటల టెండరును నిమిషములో చదివి, "ఇచ్చట ప్రమాదమున్నది" యని చెప్పగలదు. కాని అది లేనిదానిని గూడ ఉన్నట్లు చెప్పును. 2023లో న్యూయార్కున నిద్దరు న్యాయవాదులు అది కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా పాలైరి. కావున అది చూపిన షరతు ఏ పుటలో, ఏ సంఖ్యక్రింద నున్నదో తెరచి చూడవలయును. చూచి అనుమానమున్నచో వకీలు నడుగవలయును. పుట చూపలేని మాటను లెక్కలోనికి తీసికొనరాదు.

ఇంకొక చిక్కు గలదు. ప్రభుత్వసంస్థ టెండరులో బేరమాడుటకు స్థలము స్వల్పము. ధరపత్రము వేసిన తరువాత షరతు మార్చుమనిన పత్రమే త్రోసివేయబడును. పెద్ద టెండర్లలో ధరపత్రమునకు ముందు ప్రశ్నలడుగుటకు గడువిత్తురు, సమావేశము పెట్టుదురు. గుత్తేదారు నోరు విప్పదగిన గడియ యదియే. ఆ గడియకు వచ్చువారు పట్నపు కంపెనీల ప్రతినిధులే. డీజిలు వాక్యమునుగూర్చియు, కూలిరేట్లు పెరిగినప్పుడు ధర మారునా యనుటగూర్చియు, చిన్నవా డాదినమున నడిగిన ప్రశ్నకు లభించు వ్రాతజవాబు మూడేండ్ల తరువాత కోర్టులో చేయు వాదముకంటె విలువైనది. యంత్రమున కప్పగింపదగిన పనియు నిదియే: ప్రశ్నల గడువునకు ముందే షరతులను చదివి, ఏమడుగవలెనో చెప్పుట.

అది తెలుగులో చెప్పవలయును. సుప్రీముకోర్టు 2019లో సువాస్ అను యంత్రముతో తీర్పులను దేశభాషలలోనికి తెచ్చుట కారంభించినది. కేంద్రప్రభుత్వము 2022లో భాషిణిని స్థాపించినది. తీర్పునకు వచ్చిన తెలుగు టెండరునకు రాకపోవుటకు కారణము కనబడదు. ఆంగ్లప్రతియే ప్రమాణమని అడుగున నొక వాక్యము వ్రాసి, షరతుల తెలుగుప్రతిని టెండరు వెలువడిన దినముననే మందమర్రి ఏరియా కార్యాలయమునను, కాసిపేట గనులవద్దను ఉంచవచ్చును. చిన్న టెండర్లకు సమావేశ మక్కరలేదు. ప్రశ్నలకు వారముదినముల గడువు, జవాబులు అందరు చూచునట్లు తెరమీద ప్రకటించుట చాలును. ఆ వారములోగా కాసిపేట గుత్తేదారులు నలుగురు కూడి, ఒక కంప్యూటరును, ఒక వకీలును సమకూర్చుకొనుట వారి శక్తికి మించిన పని కాదు.