ట్రాక్టరు పోషణ: యజమాని చేసికొనదగిన పనులు

దమ్ము పనులు ముమ్మరముగా సాగుచుండగా ట్రాక్టరు నిలిచిపోయినచో రైతునకు కలుగు నష్టము ఇంతింత కాదు. నారు ముదిరిపోవును, నీటి వంతు దాటిపోవును, కుదుర్చుకొన్న కూలీలు మరియొకరి పొలమునకు పోవుదురు. బండిని అమ్మిన వర్తకుని మరమ్మతుశాలకు కబురంపినచో మనిషి వచ్చుటకు కొన్ని దినములు, భాగము దొరకుటకు మరికొన్ని దినములు పట్టుచున్నవనియు, తీరా బిల్లు చూచినపుడు మార్చిన వస్తువేదియో, దాని యవసరమేమియో తెలియకున్నదనియు సభ్యులు మాతో తరచుగా మొరపెట్టుకొనుచున్నారు. ఈ మొర న్యాయమైనదే. అయితే నిపుణుడు చేయవలసిన పనులు వేరు, యజమాని చేయదగినవి వేరు. రెండవ తరగతి పనులను మనమే చేసికొన్నచో మరమ్మతుశాల గుమ్మము తొక్కు సందర్భములు చాలవరకు తగ్గునని మా యభిప్రాయము.

మొదటిది గాలి. దుక్కిలో లేచు ధూళి ఇంజను లోనికి పోయినచో సిలిండరును, పిస్టను రింగులను ఆకురాయివలె అరగదీయును. అంతట ఇంజను ఆయిలు త్రాగును, పొగ వదలును, బలము తగ్గును. దానిని బాగుచేయించుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. కావున ఆయిలు గిన్నె గల ఎయిర్ క్లీనరైనచో, ధూళి హెచ్చుగా నున్న దినములలో నిత్యము గిన్నె విప్పి చూచి, అడుగున బురద పేరుకొనిన యెడల కడిగి, గుర్తువరకు క్రొత్త ఆయిలు పోయవలెను. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. నేలకు గట్టిగా కొట్టరాదు.

రెండవది ఆయిలు. ఉదయము ఇంజను నడుపకముందు బండిని సమతలమున నిలిపి, కొలకడ్డీని తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గుర్తుల నడుమ నుండవలెను. దానిని మార్చు గడువు పనిచేసిన గంటలనుబట్టి యుండును. పలు ట్రాక్టర్లకిది 250 గంటలు. తమ బండికెంతయో కంపెనీవారిచ్చిన పుస్తకమున చూచుకొనవలెను. ఆయిలుతోబాటు ఫిల్టరును కూడ మార్చవలెను.

మూడవది డీజిలు. సాయంకాలము పని ముగియగానే ట్యాంకు నింపినచో, రాత్రి చల్లదనమునకు లోపలి తేమ నీరుగా దిగుట తగ్గును. డీజిలు అయిపోయి ఆగిన ఇంజను, మరల పోసినను ఒక్కొక్కప్పుడు నడువదు. గొట్టములలో గాలి చేరుటయే కారణము. ఫిల్టరుపై నుండు గాలిమరను కొంచెము వదలుచేసి, చేతిపంపు కొట్టుచు, బుడగలు లేని డీజిలు వచ్చిన పిదప మర బిగింపవలెను. ఇంత మాత్రమునకు మెకానిక్కును పిలిపింప నక్కరలేదు.

నాలుగవది నీరు. రేడియేటరు రెక్కల నడుమ చిక్కుకొనిన పొట్టును, గడ్డిని తొలగింపవలెను. ఇంజను వేడిగా నుండగా రేడియేటరు మూత తీయరాదు. మరుగు నీరు ఎగజిమ్మి మొగము కాలును.

ఇక మనము ముట్టరాని పనులు: డీజిలు ఇంజెక్షను పంపు, గేరుపెట్టె, హైడ్రాలిక్కు యంత్రాంగము. వీనిని విప్పుటకు తగిన పరికరములును, శిక్షణయు కావలెను. పైకెత్తిన పనిముట్టు క్రిందికి ఆధారము పెట్టక దూరుట ప్రాణాపాయము. వారంటీ గడువులో నిర్ణీత సర్వీసులను కంపెనీ శాలలోనే చేయించి రసీదులు దాచవలెను. మార్చిన పాత భాగమును అడిగి చూచుకొనుటయు మంచిది.

ఈ బాధ మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 2023లో చేయబడిన చట్టము, 2024 జనవరి 1 నుండి, తయారీదారులు భాగములను, పనిముట్లను, మరమ్మతు పుస్తకములను రైతులకు అందుబాటున నుంచవలెనని విధించినది. మన కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించినది. తొలుత ఎన్నుకొన్న నాలుగు రంగములలో వ్యవసాయ పరికరములు ఒకటి. హక్కు లభించినను, పని నేర్వనివానికి దానివలన ప్రయోజనము స్వల్పము.

కావున ప్రతి సంఘమును స్పానర్ల జత, గ్రీజుగన్ను, టైరు గాలికొలత సాధనము ఉమ్మడిగా కొని యుంచవలెనని మా సూచన. ఫిల్టర్లను, ఆయిలును సభ్యులందరి తరఫున ఒక్కమారు కొన్నచో వెల తగ్గించుమని యడుగుటకు వీలగును. అనంతపురము జిల్లా గార్లదిన్నెయందు కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. గ్రామమునుండి ఇద్దరు యువకులను శిక్షణకు పంపు విషయమును సభ్యులు రాబోవు సమావేశమున ఆలోచింతురు గాక.