పెదవికి పలుకు తప్పరాదు

మారిషస్‌లో రామభజనం పాటలు, అమ్మోరు పండుగ పాటలు పుస్తకం చూడకుండా పాడగల పెద్దలు మన ఇండ్లలో తగ్గిపోతున్నారు. వారి పాటను రికార్డు చేసి ఉంచాలని మన యువకులు ముందుకు రావటం సంతోషకరం. వారికి ఉపయోగపడే ఒక విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

కెమెరా దూరాన ఉంటుంది గనుక దానిలోని మైకుకు పాటకన్న జనం సందడే ఎక్కువగా అందుతుంది. అందుచేత బొమ్మను కెమెరాతోను, పాటను గాయకుల దగ్గర పెట్టిన వేరొక రికార్డరుతోను తీయటం మంచి పద్ధతి. అయితే ఆ రెంటినీ సరిగా జత చేయకపోతే తాళం ముందు వినబడి, చేతులు తరువాత కలుస్తాయి. ఇది మనకు చిన్న లోపం కాదు. ఇంట్లో క్రియోల్ మాట్లాడే పిల్లలు మన పాటలోని పలుకును అవ్వ నోరు చూసి నేర్చుకోవలసి ఉన్నది. నోరు ఒకటి, పలుకు మరొకటి అయితే వారు దేనిని నమ్మాలి?

ఒకసారి కలిపిన తరువాత కూడా తేడా ఎందుకు వస్తుంది? ప్రతి యంత్రంలోను దాని గడియారం దానికే ఉంటుంది. ఏ రెండు గడియారాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షల సెకన్లకు 50 సెకన్ల తేడా ఉన్నదనుకుందాం. గంటకు అది 0.18 సెకను. సెకనుకు 25 చిత్రాలు తీసే కెమెరాలో ఇది నాలుగున్నర చిత్రాల కాలం. పలుకు 0.045 సెకను ముందు వచ్చినా, 0.125 సెకను వెనుక వచ్చినా చూసేవారు పసిగడతారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998 నాటి సిఫారసు చెబుతున్నది. మెరుపు తరువాత ఉరుము వినటం మనకు అలవాటే గనుక వెనుకబాటును కొంత సహిస్తాము. ముందు వస్తే వెంటనే ఎబ్బెట్టుగా తోస్తుంది.

దీనికి ఉపాయం సులభం. తెలుగు సినిమా ముహూర్తంలో పెద్దలచేత క్లాప్ కొట్టించటం మనం ఎరిగినదే. ఆ క్లాప్ అసలు పని బొమ్మకూ శబ్దానికీ ముడి వేయటమే. మనకు రెండు అరచేతులు చాలు. రెండు యంత్రాలనూ ముందుగానే నడిపించి, కెమెరాకు కనబడేటట్లు, రికార్డరు మైకు దగ్గర ఒక్క చప్పట్టు కొట్టాలి. పాట పేరు, తేదీ పైకి చెప్పాలి. మధ్యలో దేనినీ ఆపరాదు. పాట ముగిసిన తరువాత, యంత్రాలు ఆపకముందే మరొక చప్పట్టు కొట్టాలి. కెమెరా మైకును కూడా నడవనివ్వాలి. జత చేసేటప్పుడు అది సాక్ష్యంగా పనికివస్తుంది.

తరువాత కంప్యూటరులో, అరచేతులు కలిసిన చిత్రం దగ్గరకు మొదటి చప్పట్టు శబ్దాన్ని జరపాలి. ఆ పైన రెండవ చప్పట్టు చూడాలి. అదీ కలిస్తే పని పూర్తి అయినట్లే. కలవకపోతే మొదటిదాన్ని కదపకుండా, రెండవది కలిసేవరకు శబ్దం నిడివిని పెంచటమో తగ్గించటమో చేయాలి. ఇంత స్వల్పమైన మార్పువల్ల శ్రుతి మారినట్లు చెవికి తెలియదు. సరిచేసిన ప్రతితోపాటు, రెండు యంత్రాల అసలు రికార్డులను కూడా ముట్టకుండా దాచాలి.

చెరకు తోటల కష్టంలో మన పూర్వులు నోటితోనే నిలిపిన పాట ఇది. రానున్న తరాలకు ఆ నోరూ, ఆ పాటా కలిసే అందాలి.