పాత కంప్యూటర్ చేతులు మారే ముందు

కంప్యూటర్‌లో ఒక ఫైలును డిలీట్ చేసి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేసినా అందులోని సమాచారం హార్డ్ డిస్కు మీద అలాగే ఉంటుంది. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసిపెట్టుకునే పట్టిక ఒకటుంది. డిలీట్ చేసినప్పుడు విండోస్ ఆ పట్టికలో 'ఈ చోటు ఖాళీ' అని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన చేలో పైరు మాయం కాదు కదా. అదే చోట కొత్త సమాచారం వచ్చి పడేదాకా పాతది నిలిచే ఉంటుంది, ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనే దాన్ని బయటికి తీయవచ్చు. క్విక్ ఫార్మాట్ కూడా పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది.

అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధక విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాత్ 2000 నవంబరు నుంచి 2002 ఆగస్టు వరకు 158 పాత హార్డ్ డిస్కులు కొని పరీక్షించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగిలినవాటి నుంచి అయిదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య వివరాలు, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి. ఒక డిస్కయితే ఏటీఎం నుంచి వచ్చినది. అమ్మినవాళ్లలో చాలామంది తుడిచామనే అనుకుని ఉంటారు. కంప్యూటర్ ఖాళీగా కనిపించడమే ఇక్కడున్న అసలు ప్రమాదం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11కు సరిపోని యంత్రాలు ఎన్నో ఇప్పుడు బంధువుల ఇళ్లకో, ఊళ్లోని బడికో, సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లకో వెళ్తున్నాయి. వాటిలో ఆధార్, పాన్ కాపీలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, జీతం స్లిప్పులు, బ్రౌజర్ దాచిపెట్టిన పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందన్న ధైర్యమూ పనికిరాదు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే వచ్చేదే ఆ పాస్‌వర్డ్. పక్క ఫోల్డర్‌లో పదో తరగతి మెమో ఉంటే రెండూ దొరికినట్టే.

తుడవడానికి ముందు దాచుకోవాల్సినవి దాచుకోవాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్‌తో పాటు డి, ఇ డ్రైవులను, డౌన్‌లోడ్స్‌ను, ట్యాలీ లెక్కల ఫోల్డర్‌ను, బ్రౌజర్ బుక్‌మార్క్‌లను వెతికి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయాలి. తెలుగులో డీటీపీ చేసినవారికి మరో జాగ్రత్త అవసరం. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫైళ్లతో పాటు ఫాంట్లనూ దాచాలి, లేదా ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఏళ్ల తరబడి రాసిన కథలు, పెళ్లి శుభలేఖల నమూనాలు, సంఘాల పత్రికలు ఇలాంటి ఫైళ్లలోనే ఉన్నాయి, పోతే మళ్లీ రావు. కాపీ అయ్యాక ఆ ఎక్స్‌టర్నల్ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి కొన్ని ఫైళ్లు తెరిచి చూడటం తప్పనిసరి.

తర్వాత ఖాతాల నుంచి బయటికి రావాలి. ఫోన్‌లో వాట్సాప్ లింక్‌డ్ డివైసెస్ తెరిచి ఆ కంప్యూటర్‌ను తీసేయాలి. గూగుల్, మైక్రోసాఫ్ట్ ఖాతాల డివైసుల జాబితాలోనూ అదే పని చేయాలి. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొత్త యంత్రానికి మారేదైతే పాతదానిలో డీయాక్టివేట్ చేయాలి.

ఇక తుడిచే పని. విండోస్ 10లోనైనా 11లోనైనా సెట్టింగ్స్‌లోని రికవరీలోకి వెళ్తే 'రీసెట్ దిస్ పీసీ' ఉంటుంది. అందులో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడే నెక్స్ట్ నొక్కేస్తారు. ఆగి 'చేంజ్ సెట్టింగ్స్' తెరిచి 'క్లీన్ డేటా'ను ఆన్ చేస్తేనే ఫైళ్లు తేలిగ్గా తిరిగి రాకుండా డిస్కు తుడుచుకుపోతుంది. ఒకటికి మించి డ్రైవులుంటే అన్ని డ్రైవుల ఫైళ్లూ తీసేయాలా అని అక్కడే అడుగుతుంది. దాన్ని వదిలేస్తే విండోస్ ఉన్న డ్రైవు మాత్రమే శుభ్రమవుతుంది, కుటుంబ ఫొటోలన్నీ ఉన్న డి డ్రైవు చెక్కుచెదరకుండా కొత్తవారి చేతికి వెళ్తుంది. 1 టీబీ హార్డ్ డిస్కుకు కొన్ని గంటలు పడుతుంది, ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టే ఉంచాలి. ఇది ఇంటి వాడకానికి సరిపోయే పద్ధతి. ప్రభుత్వ, పరిశ్రమ ప్రమాణాలకు ఇది చాలదని మైక్రోసాఫ్టే చెబుతుంది కాబట్టి ఆసుపత్రులు, ఆడిటర్ల కార్యాలయాలు దీనితో సరిపెట్టుకోకూడదు.

హార్డ్ డిస్కుకు బదులు వాడే ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. వాటిలోని మెమరీ గదులు చాలాసార్లు రాశాక అరిగిపోతాయి. అన్నీ సమానంగా అరగాలని ఎస్‌ఎస్‌డీ లోపలి కంట్రోలర్ ప్రతిసారీ వేరే గదిలో రాస్తుంది. అందువల్ల ఒక ఫైలు మీద సున్నాలు రాయించినా పాత కాపీ ఇంకో గదిలో ఉండిపోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు 2011లో ఈ సంగతే చూపారు. వీటికి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ సరైన దారి. మరో మంచి దారి ఎన్‌క్రిప్షన్. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే రీసెట్‌కు ముందే దానితో, వాడిన భాగానికి మాత్రమే కాకుండా, డ్రైవు మొత్తానికీ తాళం వేస్తే రీసెట్‌తో ఆ తాళంచెవి పోతుంది. తాళం పడిన సమాచారాన్ని ఎవరూ చదవలేరు. సాధారణ వాడుకరికి ఇది మంచి భరోసా ఇచ్చే పద్ధతి.

డిస్కును 35 సార్లు తుడవాలన్న మాట ఇంకా వినిపిస్తుంది. దానికి మూలం న్యూజిలాండ్ శాస్త్రజ్ఞుడు పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పత్రం. ఆ 35 నమూనాలు అప్పటి రకరకాల డిస్కులన్నిటినీ దృష్టిలో పెట్టుకున్నవి, ఏ ఒక్క డిస్కుకూ అన్నీ అక్కర్లేదని తర్వాత ఆయనే వివరించాడు. హార్డ్ డిస్కుకు ఒక్కసారి పూర్తిగా సున్నాలు రాస్తే సాధారణంగా చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 మార్గదర్శకాలు చెప్పాయి. విండోస్ విస్టా నుంచి, 'క్విక్ ఫార్మాట్' టిక్కు తీసేసి చేసే పూర్తి ఫార్మాట్ ఆ పనే చేస్తుంది.

మ్యాక్‌లో, అది ఆపిల్ చిప్ లేదా టీ2 చిప్ ఉన్నదైతే, మ్యాక్‌ఓఎస్ మాంటెరీ నుంచి 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' ఉంది. ఫైండ్ మై ఆపకుండా ఇస్తే కొత్తవారికి ఆ యంత్రం తెరుచుకోదు.

తుడవడం పూర్తయ్యాక దేశం, భాష అడిగే తెర వస్తుంది. అక్కడే యంత్రాన్ని ఆపేసి ఇవ్వాలి. విండోస్‌తో వచ్చిన యంత్రమైతే లైసెన్సు దానితోనే ఉంటుంది, కొత్తవారు మళ్లీ కొననక్కర్లేదు.

కంప్యూటర్ ఆన్ కాకపోయినా అందులోని డిస్కు బాగానే ఉండి ఉండవచ్చు. దాన్ని ఊడదీసి యూఎస్‌బీ కేసింగ్‌లో వేసుకుంటే ఇంట్లో బ్యాకప్‌కు పనికొస్తుంది. డిస్కే చెడిపోతే హార్డ్ డిస్కు పళ్లేలకు డ్రిల్లుతో రంధ్రాలు వేయాలి, ఎస్‌ఎస్‌డీలోనైతే ఒక్కొక్క చిప్పునూ పగలగొట్టాలి. మిగిలిన యంత్రాన్ని పాతసామాన్ల బండికి వేయకుండా, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లర్‌కు అప్పగించాలి.