వేలముపాట – సొమ్ము చెల్లింపు షరతులు

గ్రామములలో మామిడితోపు ఫలసాయమునో, చెరువు చేపలనో వేలము వేయునపుడు పాట యెంతకు పోయినదని అందరును అడుగుదురు. ఆ సొమ్ము ఎన్నడు, ఏ విధముగా చేతికి వచ్చునని అడుగువారు తక్కువ. పాడిన సొమ్ము వేరు, ముట్టిన సొమ్ము వేరు. ఈ భేదమును మన సభ్యులకు విశదపరచుటకై దీనిని వ్రాయుచున్నాము.

చెల్లింపు పద్ధతులు ముఖ్యముగా మూడు. మొదటిది, సొమ్మంతయు ఒక్కసారిగా పుచ్చుకొనుట. ఇందు అమ్మువానికి భయము లేదు. కాని కాపు నిలుచునో రాలునో తెలియకమునుపే కట్టవలసియుండుటచే, రొక్కము గలవారు తప్ప ఇతరులు పాటకు రారు; వచ్చినవారును నష్టభయముచే తగ్గించియే పాడుదురు.

రెండవది వాయిదాల పద్ధతి. దీనిచే పాడువారును, పాటయు పెరుగుదురు. కాని ధర పడిపోయిన వదలిపోవచ్చునను ధైర్యముతో హెచ్చుగా పాడువారును కలరు. అమెరికా ప్రభుత్వము 1996లో తీగలేని టెలిఫోను తరంగముల హక్కులను చిన్న కంపెనీలకు వేలము వేసి, నూటికి 10 వంతులు ముందు పుచ్చుకొని, మిగిలినదానికి 10 సంవత్సరముల గడువొసగెను. అందొక కంపెనీ సుమారు 470 కోట్ల డాలర్లకు పాడి, 1998లో దివాలా దరఖాస్తు పెట్టెను. ప్రభుత్వము హక్కులను రద్దుచేయగా, ఆ రద్దు చెల్లదని 2003లో అచటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. సొమ్ము సకాలమున రాలేదు. హక్కులును ఏండ్లతరబడి వ్యాజ్యములో చిక్కెను.

మూడవది, దిగుబడిలో భాగము. నష్టమును ఇరువురును పంచుకొందురు గావున పాడువాడు జంకడు. అయితే అమ్మువాని భాగము మరీ హెచ్చైనచో, పాడినవాడు నీరు, కావలి విషయమున శ్రద్ధ చూపడు. మరియు దేనిలో భాగమో స్పష్టముగా నుండవలెను. భారతప్రభుత్వము 1999 నుండి చమురు, సహజవాయు క్షేత్రములను ఇచ్చుచు, కంపెనీ ఖర్చులు రాబట్టుకొనిన పిమ్మట మిగులులో భాగము పుచ్చుకొను ఏర్పాటు చేసెను. కృష్ణా-గోదావరి తీరపు వాయుక్షేత్రము విషయమున ఆ ఖర్చుల లెక్కలపైననే పెద్ద వివాదము పుట్టెను. 2016లో క్రొత్త క్షేత్రములకు ఆ పద్ధతి మాని, రాబడిలోనే భాగమను నియమము చేసిరి. కళ్ళములో రాశి కొలిచి పంచుకొనుటకును, ఖర్చులు పోగా పంచుకొనుటకును గల భేదమిదియే.

కావున వేలము వేయువారు ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనుట మేలు. పాడవచ్చిన ప్రతివానియొద్దను ముందుగా ధరావతు పుచ్చుకొనవలెను. పాట ముగియగనే కొంత రొక్కము కట్టించుకొని, మిగిలినదానికి తగిన జామీను వ్రాయించుకొనవలెను. కడపటి వాయిదా కాయ కోయకముందే తీరవలెను. తప్పినచో మరల వేలము వేసి, తగ్గిన సొమ్మును మొదటి పాటదారునివలన రాబట్టు షరతుండవలెను. వీనినన్నిటిని పాటకు ముందే అందరు వినునట్లు చదివి, చేవ్రాళ్లు పుచ్చుకొనిన పిమ్మట వచ్చిన హెచ్చుపాటయే నిజమైన హెచ్చుపాట.